ఏడాది నిండనివాళ్లు

జనవరి 16

మెట్రోలో పక్కన కూర్చున్నావిడ మీరేం ఉద్యోగం చేస్తారని అడిగింది. పంతొమ్మిదేళ్లయింది ఈ ఉద్యోగంలో చేరి, ఈ ప్రశ్నకి మాత్రం ఇప్పటికీ తడుముకుంటాను. అరవై ఐదు దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ఉంది కదా, మెడికేర్, దాన్ని ఎలా నడపాలో కాంగ్రెస్‌లో చట్టాలు చేసేవాళ్లకి సలహాలిచ్చే కమిషన్ ఒకటుంది, అందులో లెక్కలు చూస్తాను అన్నాను. అయితే మా అమ్మ పళ్లసెట్టుకి డబ్బులెందుకు ఇవ్వరు అని నా మీదకి లేచింది. మేం ఇచ్చేవాళ్లం కాదండీ, ఊరికే చెప్పేవాళ్లం అన్నాను. మరి మీకు జీతం దేనికి అంది. అంతలో ఆవిడ దిగే స్టేషనొచ్చి బతికిపోయాను.

రాయిస్‌కి చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. ఈ ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, మా ఆయన. మీ కమిషన్‌కీ నాకూ తేడా లేదు నడీన్, వెనక్కి జరగండి వెనక్కి జరగండి అని నేనూ జీవితమంతా అరిచాను, ఎవడూ జరగలేదు అన్నాడు.

రేపు ఓటింగ్. రిపోర్టులో ఆరో అధ్యాయం నాది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ముసలివాళ్ల దగ్గరికి నర్సులు వస్తుంటారు కదా, వాళ్లు ఎన్నిసార్లు రావాలి అన్నది విషయం. నలభై కౌంటీల్లో, అంటే జిల్లాల్లాంటి వాటిల్లో, రెండేళ్లు పరీక్షగా ఎనిమిది సార్లు దాటితే మెడికేర్ సగం డబ్బే ఇస్తుందన్నారు. నర్సుల్ని పంపే ఏజెన్సీలు టక్కున ఎనిమిది దగ్గర ఆపేశాయి. అయినా ఎవరికీ నష్టం జరగలేదు. తిరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు పెరగకపోగా కొంచెం తగ్గారు కూడా. అందుకని దేశమంతా ఇలాగే చేయొచ్చని మా సలహా. శుభ్రమైన అధ్యాయం. ‘కోత’ అన్న మాట మా రిపోర్టుల్లో ఎక్కడా రాకూడదు, ‘సర్దుబాటు’ అనాలి. మా డైరెక్టర్ కర్టిస్ ఎర్ర పెన్ను పట్టుకుని ఆ ఒక్క మాట కోసమే వెతుకుతాడు. నా అధ్యాయంలో వాడికి ఒక్కటీ దొరకలేదు.

జనవరి 17, సాయంత్రం 6

పదిహేనుకి పదిహేను. కమిషనర్లలో ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు. మా చైర్మన్ డాక్టర్ స్టాడర్డ్ పేర్లు పిలుస్తూ వెళ్లాడు, ఒక్కొక్కరూ ఎస్, ఎస్ అంటూ వచ్చారు. కర్టిస్ బల్ల కింద నుంచి నాకు బొటనవేలు చూపించాడు. వాడు అలా చూపించడం ఆరేళ్లలో ఇది రెండోసారి.

ఓటింగ్ తర్వాత జనం మాట్లాడే వేళ. మైకు దగ్గర వరసలో నిలబడాలి, మనిషికి రెండు నిమిషాలు. మావాళ్లెవరూ జవాబివ్వకూడదు, అది పద్ధతి. వింటాం, వచ్చినందుకు థాంక్స్ చెబుతాం. ఇవాళ నలుగురొచ్చారు. ముగ్గురు ఏజెన్సీల తరఫు లాబీయిస్టులు, వాళ్ల ఏడుపు మాకు కంఠతా వచ్చు. నాలుగో ఆవిడ కెంటకీ నుంచి తొమ్మిది గంటలు కారు నడుపుకుంటూ వచ్చిందట. పేరు వెర్లీన్ సడత్. హార్లో కౌంటీలో ఇంటింటికీ తిరిగే నర్సు, ముప్పై నాలుగేళ్లుగా. హార్లో మా పరీక్ష జరిగిన నలభై కౌంటీల్లో ఒకటి.

ఆవిడ అంది, మీ పదకొండో స్లైడు ఇంకోసారి పెడతారా అని. ఎవరూ పెట్టలేదు. సరే నాకు గుర్తుంది లెండి, అంది. తిరిగి ఆస్పత్రికి వెళ్లినవాళ్లు తగ్గారని రాశారు, నిజమే, తగ్గారు, నా పేషెంట్లలో పదకొండు మంది అసలెక్కడికీ వెళ్లలేదు, ఇంట్లోనే పోయారు, ఆ పదకొండు మంది మీ స్లైడులో ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించండి, నేను పోయి కూర్చుంటాను, అంది. రెండు నిమిషాలైనట్టు ఎర్రలైటు వెలిగింది. అంత దూరం నుంచి వచ్చినందుకు చాలా థాంక్స్ అన్నాడు డాక్టర్ స్టాడర్డ్. ఆవిడ కదల్లేదు. మళ్లీ థాంక్స్ చెప్పాడు. అప్పుడు వెళ్లింది.

లిఫ్టులో నా పక్కనే నిలబడింది. స్లైడు చదివింది మీరే కదా, గొంతు బాగుంది, నిద్రపట్టనివాళ్లకి పనికొస్తుంది అంది. తక్కువలో శాండ్‌విచ్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే మూలమీద కొట్టు చూపించి వచ్చేశాను.

జనవరి 18

వెర్లీన్ సడత్ మీద ఇంకా కోపం తగ్గలేదు.

జనవరి 22, మధ్యాహ్నం 3

ఆవిడ నోరు మూయిద్దామనే మొదలుపెట్టాను, నిజం చెప్పాలంటే. హార్లో కౌంటీలో చనిపోయినవాళ్లు ఎంతమంది, అందులో ఆవిడ పదకొండు మంది ఏ మూలకి, ఇదిగో చూడమ్మా అని ఒక మర్యాద ఉత్తరం రాద్దామనుకున్నాను. హార్లో మీద క్లిక్ చేశాను. చనిపోయినవాళ్లు: సున్నా.

కౌంటీ తప్పుగా కొట్టాననుకుని పక్క కౌంటీ చూశాను. సున్నా. నలభై కౌంటీలూ కలిపి చూశాను. అరవై వేల మంది ముసలివాళ్లు, అందరూ అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు, ఏడాదంతా ఒక్క చావూ లేదు.

అప్పుడు అర్థమైంది.

మా ఆఫీసులో ఏ లెక్కకైనా కంప్యూటర్ ప్రోగ్రాంలో మొదటి లైను ఒకటే ఉంటుంది. పన్నెండు నెలలూ బీమాలో ఉన్నవాళ్లని ఉంచు, మిగతావాళ్లని తీసెయ్. మధ్యలో అరవై ఐదు నిండి చేరినవాళ్లవీ, మధ్యలో ప్రైవేటు ప్లాన్‌కి వెళ్లిపోయినవాళ్లవీ బిల్లులు సగమే ఉంటాయి, వాళ్లతో లెక్క చెడుతుంది. ఏడాది నిండనివాళ్లు అంటాం వాళ్లని. ఏడాది నిండకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మాకెవరికీ తట్టలేదు. పోయినవాళ్లని మొదటి లైనులోనే బయటికి పంపేసి, మిగిలినవాళ్లని చూసి, ఆహా ఎంత బాగున్నారు అని రాశాను.

ఆ లైను రాసింది కూడా నేనే. పదహారేళ్ల కిందట, ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకుంటున్నారా లేదా అన్న లెక్క కోసం. దానికి అది సరైన లైనే. అప్పట్నుంచీ ప్రతి కొత్త పనికీ పాత ఫైలు కాపీ చేసి పైన దిద్దుకుంటూ వచ్చాం. ఆ లైను దాకా ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లలేదు.

జనవరి 23

తలనొప్పని చెప్పి ఆఫీసు మానేశాను. నిజంగానే తలనొప్పి.

జనవరి 24

వాళ్లందరినీ తిరిగి కలిపాను. మామూలు కౌంటీల్లో ఏడాదిలో చనిపోయినవాళ్లు వందకి తొమ్మిది మంది. పరీక్ష పెట్టిన నలభై కౌంటీల్లో తొమ్మిదీ పాయింట్ ఏడు. పాయింట్ ఏడు అంటే ఏమీ లేనట్టే ఉంటుంది, స్లైడు మీద గీత కూడా సరిగా కనపడదు. అరవై వేల మందిలో అది నాలుగు వందల ఇరవై మంది.

ఆ కౌంటీల్లో జనమే కొంచెం ఎక్కువ జబ్బు మనుషులేమో అనుకున్నాను. అలా అయితే ఎంత బాగుండేది. పరీక్షకి ముందు సంవత్సరం చూశాను. సరిగ్గా తొమ్మిది. ఏ వారంలో పోయారో చూశాను. మొదటి ఐదు వారాలు రెండు చోట్లా సమానం. ఆరో వారం నుంచి గీతలు విడిపోయాయి. ఎనిమిదోసారి నర్సు వచ్చి వెళ్లేది దాదాపు ఐదో వారంలో.

ఆ లెక్క నాలుగు సార్లు నడిపించాను. నాలుగు సార్లూ అదే.

జనవరి 26

శనివారం. రాయిస్‌కి చెప్పలేదు, అయినా పసిగట్టాడు. గుడ్లు మాడ్చేశావేంటి అన్నాడు. ఆఫీసు గొడవలే అన్నాను.

రెండేళ్ల కిందట రాయిస్ గుండె ఆపరేషన్ తర్వాత మా ఇంటికీ నర్సు వచ్చేది, పద్నాలుగు సార్లు వచ్చింది. బీపీ చూసి, కాఫీ తాగి, రాయిస్‌తో బేస్‌బాల్ గురించి పోట్లాడి వెళ్లేది. అధ్యాయం రాసేటప్పుడు ఆవిడే నా కళ్ల ముందు ఉంది. ఈ కబుర్లకి కూడా ప్రభుత్వం డబ్బులా అనుకుంటూ రాశాను. ఆ మాట ఎక్కడా రాయలేదు గానీ అలా అనుకుంటూనే రాశాను. సిగ్గుగా ఉంది.

జనవరి 29

కర్టిస్‌తో చెప్పాను. తలుపు వేసి కూర్చున్నాడు. రెండు పేజీలూ చదివి, మళ్లీ మొదటి పేజీకి వచ్చి, ఎవరికైనా చెప్పావా అన్నాడు. లేదన్నాను. అయ్యో నడీన్ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వాడు చెడ్డవాడు కాదు. అది ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఇవాళ వాడి మీద నాకు చాలా కోపంగా ఉంది. వాడు చెప్పింది ఇది. మన దగ్గర కోర్టు లేదు, పోలీసు లేదు, ఆర్డర్ వేసే అధికారం లేదు, ఉన్నదల్లా వీళ్ల లెక్క తప్పదు అన్న పేరొక్కటే. రెండు పార్టీలవాళ్లూ మన మాట నమ్ముతారు, ఈ ఊళ్లో ఇంకెవరికుందా అదృష్టం? ఇప్పుడు మనమే వెళ్లి తప్పు చేశామంటే, రేపు మందుల కంపెనీల మీద మనం చెప్పిన నిజాన్ని కూడా తీసుకెళ్లి చెత్తబుట్టలో వేస్తారు. అప్పుడు నష్టపోయేదీ ఆ ముసలివాళ్లే కదా.

అదీ అబద్ధం కాదు.

ఓటు పడ్డాక వెనక్కి తీసుకోవడమన్నది ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదన్నాడు. రిపోర్టు మార్చి పదిహేనుకి కాంగ్రెస్‌కి వెళ్లాలి, పేజీలు ప్రెస్సులో ఉన్నాయి, ఫుట్‌నోట్ ఒకటి పెడదాం అన్నాడు.

ఫిబ్రవరి 1

ఫుట్‌నోట్ రాశాను. “ఏడాది నిండని లబ్ధిదారులను కలుపుకున్న పక్షంలో ఫలితాలు కొంత మారే అవకాశం ఉంది.” నూట పద్నాలుగో నంబరు. కర్టిస్ ‘కొంత’ తీసేసి ‘స్వల్పంగా’ అని దిద్దాడు. నేను ‘అవకాశం ఉంది’ తీసేసి ‘అవకాశం లేకపోలేదు’ అని పెట్టాను. ఇంకా నున్నగా వచ్చింది. ఈ పనిలో నాకున్న నేర్పు చూస్తే నాకే భయమేసింది.

ఫిబ్రవరి 4

వెర్లీన్ సడత్‌కి ఫోన్ చేశాను. చేయకూడదు. మా పద్ధతి ప్రకారం స్టాఫ్ ఎవరూ బయటివాళ్లతో అధ్యాయం గురించి మాట్లాడకూడదు. పార్కింగ్‌లో కారులో కూర్చుని చేశాను, దొంగతనంగా.

ఎవరూ అంటే, నిద్రపుచ్చే గొంతు అన్నాను. ఒక్క క్షణం ఆగి పెద్దగా నవ్వింది. ఆ శాండ్‌విచ్ కొట్టు దండగమారి కొట్టమ్మా, బ్రెడ్డు చెక్కలాగా ఉంది అంది.

లెక్క సంగతి చెప్పలేదు, ఎలా చెబుతాను. ఒకటే అడిగాను. ఎనిమిదోసారి తర్వాత మీరు వెళ్లి చేసేదేంటి, పుండు మానిపోయాక, కుట్లు విప్పేశాక. ఆవిడ అంది, కాఫీ తాగుతాను. కాఫీలోకి పాలు కావాలంటాను, నువ్వు కూర్చో తల్లీ నేను తెచ్చుకుంటానని వాళ్ల ఫ్రిజ్ తీస్తాను, అంది. అందులో ఏముందో చూస్తాను. పోయిన వారం చూసిన సూప్ డబ్బా అలాగే ఉందంటే మనిషి తినట్లేదు. ఇన్సులిన్ సీసా నిండుగా ఉందంటే పొడుచుకోవట్లేదు. అడిగితే నిజం చెబుతారా ఎవరైనా, అందరూ బ్రహ్మాండంగా ఉన్నామనే అంటారు, నా పేషెంటొకాయన చనిపోవడానికి నాలుగు రోజుల ముందు తన కొత్త గడ్డి కోసే మిషన్ చూపించాడు నాకు, అంది. అది తొమ్మిదోసారి. డబ్బులు రాకపోయినా దారిలోనే కదా అని ఆగాను, పది నిమిషాలే ఉన్నాను, ఫ్రిజ్ తీయలేదు, అంది.

ఇంటికొచ్చి రాయిస్‌ని అడిగాను, ఆ నర్సు మన ఫ్రిజ్ తీసేదా అని. తీసేదిగా, పాలకోసం, నీ పాత మకరోనీ గిన్నె చూసి ముక్కు మూసుకునేది కూడా, అన్నాడు. ఎందుకడిగావంటే అప్పుడు మొత్తం చెప్పాను. చివరిదాకా విని టీవీ కట్టేశాడు. నువ్వు బస్సు వెనక్కి నడిపేటప్పుడు ఎవడో అరిచాడనుకో, ముందు బ్రేకు వెయ్, ఎవడరిచాడో తర్వాత చూసుకో అన్నాడు. ఆయనకి అన్నిటికీ బస్సే.

ఫిబ్రవరి 5

బ్రేకు వెయ్యి అనడం తేలిక. బస్సు నాది కాదు.

ఫిబ్రవరి 11, ఉదయం 7

డాక్టర్ స్టాడర్డ్‌కి ఉత్తరం పంపాను. డైరెక్టర్‌ని దాటి చైర్మన్‌కి రాయడమంటే మా దగ్గర ఉద్యోగం వదులుకోవడమే. రాసే ముందు కర్టిస్‌కి చెప్పాను, వెనక నుంచి పొడిచానని అనుకోకూడదని. పంపొద్దని చెప్పను, పంపమనీ చెప్పను అన్నాడు. కిటికీ వైపు తిరిగి అన్నాడు.

ఉత్తరంలో ఫుట్‌నోట్ భాష వాడలేదు. నాలుగు వందల ఇరవై మంది ఎక్కువగా చనిపోయారు, వాళ్లని నేను లెక్కలోంచి తీసేశాను, దేశమంతా ఇదే చేస్తే ఏటా కొన్ని వేలవుతారు, అని రాశాను.

ఫిబ్రవరి 12

జవాబు లేదు.

ఫిబ్రవరి 13

లేదు. కర్టిస్ లిఫ్టులో వాతావరణం గురించి మాట్లాడాడు.

ఫిబ్రవరి 14

మిన్నెసోటా నుంచి డాక్టర్ స్టాడర్డ్ ఫోన్. ఆయన ముసలివాళ్ల డాక్టర్, డెబ్బై ఒక్కేళ్లు, తనకీ మెడికేరే. వెనక ఎవరో పారతో మంచు తీస్తున్న చప్పుడు. మీకు ఖాయమేనా అన్నాడు. ఆ నర్సులు రాకపోవడం వల్లే అని నూటికి నూరు పాళ్లూ చెప్పలేను సార్, కానీ నష్టం లేదు అని మనం చెప్పింది మాత్రం తప్పు, అది ఖాయం, అన్నాను.

తర్వాత ఆయన అన్నాడు, నేను ఒకసారి ఒకాయనకి తప్పు మోతాదు రాశాను, నర్సు పట్టుకుంది, ఆయన మంచం పక్కన కూర్చుని నా నోటితో నేనే చెప్పాను, ఆయన నన్ను బూతులు తిట్టాడు, పడ్డాను. ఆ కెంటకీ ఆవిడకి నేను రెండుసార్లు థాంక్స్ చెప్పి పంపించేశాను కదా, అన్నాడు. మార్చి ఏడున మళ్లీ ఓటు పెడదాం, అందరి ముందూ మీరే చెప్పాలి, అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సంతోషమో భయమో తెలియదు.

మార్చి 6

రేపు ఏం వేసుకోవాలో తేలట్లేదు. నేవీ బ్లూ అంటే చావుకి వెళ్లినట్టుంటుంది అన్నాడు రాయిస్. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

మార్చి 7, సాయంత్రం 5

చెప్పేశాను.

హాలు నిండిపోయింది, ఎలా తెలిసిందో లాబీయిస్టులందరికీ తెలిసింది. గోడవారగా నిలబడ్డారు. స్లైడులు ఆరు చేశాను గానీ రెండోదాని దగ్గరే ఆగిపోయి నోటితోనే చెప్పాను. ఈ లైను రాసింది నేను, కాపీ చేసింది నేను, ఓటుకి ముందు చూడనిదీ నేనే, అన్నాను.

కమిషనర్లలో ఒకాయన, ఎకనామిక్స్ ప్రొఫెసర్, కళ్లజోడు తీసి, పంతొమ్మిదేళ్ల అనుభవం అన్నారు కదా మీది అన్నాడు. అవునన్నాను. పంతొమ్మిదేళ్లు, అని మళ్లీ అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఇంకొకావిడ, ఒక ఆస్పత్రి నడిపిన మనిషి, మేమూ చదివాం కదా ఆ అధ్యాయం, అరవై వేల మంది ముసలివాళ్లలో ఎవరూ పోలేదంటే మాకెందుకు అనుమానం రాలేదు, అంది. గదిలో చాలామంది తలలు దించుకున్నారు.

సలహా వెనక్కి తీసుకోవడానికి పదమూడు, వద్దని రెండు. ప్రొఫెసర్ వెనక్కి తీసుకోమనే ఓటు వేశాడు.

కర్టిస్ బొటనవేలు చూపించలేదు. కానీ నా కోటు తెచ్చి ఇచ్చాడు. ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు. వెర్లీన్‌కి ఫోన్ చేసి చెప్పాను, ఈసారి ఆఫీసు ఫోన్‌లోనే. సరే తల్లీ, మంచిపని చేశావు, నేను డ్రైవింగ్‌లో ఉన్నాను అని పెట్టేసింది. నెలన్నర తర్వాత ఇవాళ ఆకలేసింది.

మార్చి 15

రిపోర్టు వెళ్లింది. ఐదో అధ్యాయం తర్వాత ఏడో అధ్యాయం. నంబర్లు మార్చడానికి ప్రెస్సువాళ్లకి టైము లేదు.

ఏప్రిల్ 9, ఉదయం 11

సెనేట్ కమిటీలో పనిచేసే ఒకావిడ ఫోన్ చేసింది. మాతో ఎప్పుడూ మర్యాదగా ఉండే మనిషి. మీ ఆరో అధ్యాయంలో సలహా బిల్లులో పెడుతున్నాం, శుభవార్త కదా అంది. మేం దాన్ని వెనక్కి తీసుకున్నాం కదా అన్నాను. తెలుసు తెలుసు, కానీ జనవరి ఓటు రికార్డులో ఉంది, పదిహేనుకి పదిహేను, మీ కమిషన్ ఏకగ్రీవంగా చెప్పిందంటే మావాళ్లు కళ్లు మూసుకుని సంతకం పెడతారు, అంది. అది తప్పు లెక్క అన్నాను. దాంతో ఎంత మిగులుతుందో జనవరిలోనే లెక్కకట్టేశారు నడీన్, ఆ మిగిలింది ముసలివాళ్ల పళ్ల వైద్యం ఖర్చుకి కేటాయించేశారు కూడా, ఇప్పుడు తీస్తే బిల్లంతా కూలిపోతుంది, అంది.

పంతొమ్మిదేళ్లుగా ఎన్ని సలహాలిచ్చాం. మందుల ధరల మీద, ప్రైవేటు ప్లాన్ల దోపిడీ మీద, ఏళ్ల తరబడి అవే మాటలు రాశాం, ఒక్కటి వినలేదు. విన్నది ఇదొక్కటే. వినొద్దని చెప్పిన తర్వాత విన్నారు. ఒళ్లు మండిపోతోంది. ఎవరినైనా కొట్టాలనుంది.

ఏప్రిల్ 10

కాంగ్రెస్‌కి ఉత్తరం రాశాం. రాసింది కర్టిస్. నేను దిద్దుతానంటే వద్దని తలుపేసుకున్నాడు. మధ్యాహ్నానికి ఒక పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “ఈ కోత వల్ల మనుషులు చనిపోయారు, మళ్లీ చనిపోతారు.” మొదటి వాక్యమే అది. వాడి ముఖం చూశాను. ఏంటి అలా చూస్తావు, సంతకానికి పంపు, అన్నాడు. డాక్టర్ స్టాడర్డ్ ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు.

మే 2

ఉత్తరం అందిందని, పరిశీలిస్తామని కార్డు వచ్చింది.

మే 21

కమిటీల్లో పదకొండు ఆఫీసులకి వెళ్లాం, నేనూ కర్టిస్. అడక్కుండా అలా వెళ్లడం కూడా మా పద్ధతి కాదు. అందరూ చాలా బాగా విన్నారు. ఒక్కొక్కరూ లేచి తలుపు దాకా వచ్చి థాంక్స్ చెప్పారు. అవతలి పక్కన నిలబడి థాంక్స్ చెప్పించుకోవడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది.

జూన్ 20

పాసైంది. తొమ్మిది వందల పేజీల్లో రెండు లైన్లు. అక్టోబర్ ఒకటి నుంచి అమలు. “స్వతంత్ర కమిషన్ ఏకగ్రీవ సలహా మేరకు” అని కూడా పెట్టారు.

జూన్ 21

వెర్లీన్‌కి నేనే చెప్పాలనుకున్నాను. పేపర్లో చూశానంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మరి నువ్వేం చేస్తావు ఇప్పుడు అంది. నాకు తెలియదన్నాను. నేనైతే వెళ్తాను, వాళ్లు డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా, దారిలో ఉన్న ఇళ్లవరకు వెళ్తాను, దారిలో లేనివాళ్లకి మాత్రం నేనేం చేయలేను తల్లీ, అంది. ఎన్ని ఇళ్లు దారిలో లేవని అడిగాను. నీకు లెక్కలు తప్ప ఇంకేమీ అడగడం రాదా, అంది. కోపంగా కాదు. మా వైపు ఎప్పుడైనా రా, శాండ్‌విచ్ ఎలా ఉంటుందో చూపిస్తాను అంది.

జూలై 8

రాజీనామా కాగితం రాసి కర్టిస్ బల్ల మీద పెట్టాను. చదివి నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చేశాడు. నువ్వు వెళ్లిపోతే ఆ మొదటి లైను ఎవరో మళ్లీ కాపీ చేస్తారు, చేసినట్టు కూడా వాళ్లకి తెలియదు, అన్నాడు. పరీక్ష కౌంటీల్లో రెండేళ్లు పట్టింది మనకి తెలియడానికి, ఈసారి వారం వారం చూద్దాం, మూడు నెలల్లో గీతలు విడిపోతే మూడు నెలల్లోనే వాళ్ల ముఖాన కొడదాం, అన్నాడు. మూడు నెలల్లో ఎంతమంది పోతారు కర్టిస్ అన్నాను. అదే కదా, అన్నాడు.

ఇంటికొచ్చి రాయిస్‌కి చెప్పాను. బస్సు ఊసు కూడా ఎత్తలేదు.

సెప్టెంబర్ 30, ఉదయం 9

రేపటి నుంచి అమలు.

ఇవాళ్టి జాబితా తెప్పించాను, ఈ వారం ఆస్పత్రుల నుంచి ఇంటికి వెళ్లినవాళ్లది, దేశమంతా. పేర్లుండవు, నంబర్లే. వయసు, కౌంటీ. కాఫీ పెట్టుకుని ఊరికే కిందికి జరుపుతూ కూర్చున్నాను. డెబ్బై నాలుగు, ఎనభై ఒకటి, అరవై ఎనిమిది, తొంభై రెండు. కర్టిస్ వచ్చి ఏం వెతుకుతున్నావన్నాడు. ఏమీ లేదన్నాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

యాభై ఎనిమిది వేల మూడు వందల పన్నెండు మంది. ఇవాళ్టికి అందరూ బతికే ఉన్నారు.